ఊగే గ్రైండింగ్ వీల్‌కి నేను చేసుకున్న బుష్

బెంచ్ గ్రైండర్‌తో వచ్చిన వీల్ అరిగిపోయి కొత్తది వేసుకునే దాకా బుష్ గురించి, అంటే వీల్ రంధ్రానికీ ఇరుసుకీ మధ్య ఖాళీ పూరించే గొట్టం గురించి, ఎవరూ ఆలోచించరు. నేనూ అంతే. నా గ్రైండర్‌ది 200 మి.మీ. వీల్, 16 మి.మీ. స్పిండిల్ (వీల్‌ని తిప్పే ఇరుసు). లేత్ టూల్స్ సాన పట్టుకోవడానికి తెచ్చిన తెల్ల అల్యూమినియం ఆక్సైడ్ వీల్‌కి బోరు (మధ్య రంధ్రం) 31.75 మి.మీ., అంటే అంగుళంపావు. మధ్యలో ఖాళీ పూరించడానికి వీల్‌తో పాటు ప్లాస్టిక్ బుష్‌లు ఇస్తారు, ఒకదాంట్లో ఒకటి దూరేవి. మన స్పిండిల్ సైజు వచ్చేదాకా ఒకదాంట్లో ఒకటి పెట్టుకుంటూ పోవాలి. ప్రతి వరసకీ కాస్త లూజు. అన్నీ కలిశాక వీల్‌ని చేత్తో పట్టి కదిపితే టకటకమంది.

నట్ బిగించి స్విచ్ వేస్తే వీల్ రెండు రకాలుగా ఆడుతోంది. అంచు పైకీ కిందికీ ఎగురుతోంది, అది ఒకటి. పక్క నుంచి చూస్తే కుడికీ ఎడమకీ ఊగుతోంది, అది రెండోది. చాలామంది ఈ రెండింటికీ బుష్ లూజే కారణమనుకుని, టైట్‌గా ఉండే బుష్ చేయిస్తే సరిపోతుందంటారు. సరిపోదు. బుష్ చేసేది వీల్‌ని మధ్యకి తేవడం ఒక్కటే. పక్కకి ఊగడం తగ్గాలంటే వీల్ ఏ ఫేసు మీద ఆనుకుంటుందో ఆ ఫేసు స్పిండిల్‌కి నిలువుగా, అంటే 90 డిగ్రీల్లో, ఉండాలి. ఆ పని ఫ్లాంజ్‌ది, అంటే వీల్‌ని పక్క నుంచి పట్టే గుండ్రటి బిళ్లది.

లోహం ముట్టుకునే ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోవాలి. రెండు వీల్స్ తీసేసి ఖాళీ స్పిండిల్‌తో మోటారు తిప్పాను. ఏ వణుకూ లేదు, బేరింగుల చప్పుడు శుభ్రంగా ఉంది. అంటే రోటరు, బేరింగులు బాగానే ఉన్నాయి. ఇక్కడే వణికితే బుష్ సంగతి పక్కనపెట్టి బేరింగులు మార్చుకోవాల్సిందే. తర్వాత మోటారు ప్లగ్ పీకేసి, మాగ్నెటిక్ స్టాండ్‌కి డయల్ గేజ్ (మిల్లీమీటరులో వందో వంతుల తేడాని ముల్లుతో చూపే సాధనం) పెట్టి స్పిండిల్‌ని చేత్తో తిప్పుతూ చూశాను. నున్నటి భాగం మీద ముల్లు 0.01 దగ్గర ఆడింది. ఇంత తక్కువ వస్తుందని నేను అనుకోలేదు. అదే లోపలి రేకు ఫ్లాంజ్ అంచు మీద పెడితే 0.35 చూపించింది. ప్రెస్సులో కొట్టిన రేకు అది. దాని మీద ఆనిన వీల్ ఊగక ఏం చేస్తుంది?

ఆ ఫ్లాంజ్ కూడా తీసేసి స్పిండిల్ షోల్డర్ (ఇరుసు లావెక్కే మెట్టు) ఫేసు మీద గేజ్ పెట్టాను. ఒకచోట ముల్లు ఠక్కున ఎగిరి మళ్లీ కిందికొచ్చింది. భూతద్దంతో చూస్తే అంచున చిన్న బర్, అంటే పొడుచుకొచ్చిన లోహపు మొన. నూనె రాయితో, షోల్డర్ ఫేసుకి చదునుగా ఆనించి, నాలుగు సార్లు మెల్లగా రుద్దితే పోయింది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ లెక్క వేస్తే భయమేస్తుంది. నా స్పిండిల్ షోల్డర్ వ్యాసం 20 మి.మీ., వీల్ 200. షోల్డర్ దగ్గర ఎంత తేడా ఉంటే వీల్ అంచున దానికి పదింతలు. షోల్డర్‌కీ ఫ్లాంజ్‌కీ మధ్య 0.05 మి.మీ. రజను ఇరుక్కుంటే వీల్ అంచు అర మిల్లీమీటరు ఊగుతుంది. అందుకే ఇప్పటికీ వీల్ మార్చినప్పుడల్లా ముందు ఆ షోల్డర్‌నే తుడుస్తాను.

ఎగురుడు సంగతి కూడా లెక్కలో చూడొచ్చు. 25 మి.మీ. మందం ఉన్న ఈ వీల్ బరువు కేజీ ఏడు వందల గ్రాముల దాకా ఉంటుంది. ప్లాస్టిక్ బుష్‌ల లూజు వల్ల అది 0.2 మి.మీ. పక్కకి జరిగి కూర్చుందనుకుందాం. 2850 ఆర్పీఎం దగ్గర అది స్పిండిల్‌ని దాదాపు 30 న్యూటన్ల బలంతో, అంటే మూడు కేజీల బరువుతో లాగినట్టు లాగుతుంది. సెకనుకి 47 సార్లు దిక్కు మార్చుకుంటూ. డ్రెస్సర్‌తో (వీల్‌ని చెక్కి గుండ్రంగా చేసే సాధనం) అంచు చెక్కితే ఈ తేడా చాలావరకు పోతుంది, నిజమే. కానీ వీల్ విప్పి మళ్లీ పెట్టగానే అది ఇంకో చోట కూర్చుంటుంది, మళ్లీ చెక్కాలి. సగం వీల్ సాన పట్టకుండానే పొడైపోతుంది.

దాంతో బుష్‌నీ లోపలి ఫ్లాంజ్‌నీ విడివిడిగా కాకుండా ఒకే ముక్కగా చేద్దామనుకున్నాను. ఆకారం చెప్పాలంటే పొట్టి టోపీ లాంటిది. 75 మి.మీ. వ్యాసం, 8 మి.మీ. మందం ఉన్న ఫ్లాంజ్, దాని నుంచి 20 మి.మీ. ముందుకొచ్చే మెట్టు. ఆ మెట్టు మీద వీల్ కూర్చుంటుంది. వీల్ మందం 25, మెట్టు 20 మాత్రమే, ఎందుకంటే మెట్టు వీల్ కంటే పొడుగైతే బయటి ఫ్లాంజ్ వచ్చి బుష్‌కి తగులుకుంటుంది, వీల్‌ని పట్టుకోదు. నట్ ఎంత బిగించినా వీల్ జారుతుంది. ఫ్లాంజ్ వ్యాసం వీల్ వ్యాసంలో మూడో వంతుకి తగ్గకూడదన్నది పాత నియమం. 200కి 67 చాలు, నేను 75 పెట్టుకున్నాను. రెండు పక్కలా ఫ్లాంజ్‌లు ఒకే వ్యాసం ఉండాలి. ఒకటి చిన్నది, ఒకటి పెద్దదైతే బిగించినప్పుడు వీల్ మీద వంచే బలం పడుతుంది.

స్పిండిల్ నున్నటి భాగం షోల్డర్ నుంచి 30 మి.మీ., ఆ తర్వాత థ్రెడ్. బుష్ మొత్తం పొడవు 28 కాబట్టి పూర్తిగా నున్నటి భాగం మీదే కూర్చుంటుంది. థ్రెడ్ మీద కూర్చున్న బుష్‌ని నమ్మలేం.

ఇక ఫిట్. స్పిండిల్‌ని మైక్రోమీటర్‌తో నాలుగు చోట్ల కొలిస్తే 15.96 వచ్చింది. బోరు 15.98కి తేవాలి. నూనె రాస్తే చేత్తో జారాలి, అంతేగాని ఆడకూడదు. వీల్ వైపు మాత్రం దీనికి పూర్తిగా విరుద్ధం. నా వీల్ బోరు వెర్నియర్‌కి 31.80 చూపించింది, మెట్టు 31.68 పెట్టుకున్నాను. పక్క లేత్ మీద పనిచేసే మేస్త్రీ గారు నా గీతలు చూసి, "వీల్ బోరులో టైట్ పెట్టావా ఏంటి?" అన్నారు. "లేదండీ, పాయింట్ వన్ టూ వదిలాను" అన్నాను. "వదులు, వదులు. అది రాయి బాబూ, ఇనుము కాదు" అని తన పనిలో పడిపోయారు.

ఆయన మాటలో చాలా ఉంది. గ్రైండింగ్ వీల్ నొక్కుడుని బాగానే ఓర్చుకుంటుంది, లాగుడుని ఓర్చుకోదు. తిరిగేటప్పుడు దాని మీద లాగుడు ఎక్కువ పడేది బోరు అంచు దగ్గరే. అక్కడ బుష్‌ని బిగుతుగా దూర్చి, పైగా స్పిండిల్ వేడెక్కి బుష్ ఉబ్బితే, లోపలి నుంచి వీల్‌ని చీల్చినట్టే. సుత్తితో కొట్టి వీల్‌ని స్పిండిల్ మీదకి ఎక్కించేవాళ్లని చూశాను. అలాంటి గ్రైండర్ ఎదురుగా నేను నిలబడను.

లోహం మైల్డ్ స్టీల్ తీసుకున్నాను. అల్యూమినియం త్వరగా తెగుతుంది కానీ ఇంత దగ్గరి ఫిట్‌లో స్టీల్ షాఫ్ట్ మీద కరుచుకుంటుంది. పైగా స్టీల్ స్పిండిల్, స్టీల్ బుష్ వేడికి ఒకే లెక్కన పెరుగుతాయి. 80 మి.మీ. రాడ్ ముక్క ఒకటి దొరికింది.

రాడ్‌ని లేత్ చక్‌లో (జాబ్‌ని పట్టుకునే దవడల్లో) పెట్టేముందు ఒక గేజ్ చేసుకున్నాను. 16 మి.మీ. బోరుని వెర్నియర్ లోపలి దవడలతో కొలిస్తే ఆ అంకెని నేను నమ్మను, వందో వంతుల ఫిట్‌కి అది పనికిరాదు. అందుకని వేరే రాడ్ ముక్కని తిప్పి ముందు కొస 15.97, దాని వెనక 15.99 ఉండేలా చిన్న పిన్ను చేసుకున్నాను. ముందు కొస దూరాలి, వెనకది దూరకూడదు. బయటి కొలత కాబట్టి మైక్రోమీటర్‌తో నిక్కచ్చిగా వస్తుంది.

అసలు ఆలోచించాల్సింది సెట్టింగుల వరస. ఈ ముక్కలో ఒకదానికొకటి నిక్కచ్చిగా ఉండాల్సినవి నాలుగు: బోరు, షోల్డర్‌కి ఆనే వెనక ఫేసు, వీల్ ఆనే ముందు ఫేసు, వీల్ కూర్చునే మెట్టు. ముందూ వెనకా రెండూ ఒకే పట్టులో తెగవు. త్రీ జా చక్‌లో విప్పి తిప్పి పెడితే ఎంత మంచి చక్ అయినా కొంత తేడా వస్తుంది. అందుకే వరస ఇలా పెట్టుకున్నాను: ముందు రఫ్‌గా మెట్టు తీయడం, తర్వాత తిప్పి ఆ మెట్టునే చక్‌లో పట్టి వెనక ఫేసునీ బోరునీ ఒకే సెట్టింగులో పూర్తిచేయడం, చివరికి ఆ బోరుని ఆధారంగా చేసుకుని మాండ్రిల్ (బోరులో దూర్చి జాబ్‌ని పట్టే రాడ్) మీద ముందు వైపు పూర్తిచేయడం.

మొదటి పట్టు మోటు పనే. హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్, 80 మి.మీ. దగ్గర 100 ఆర్పీఎం. 80 నుంచి 33కి దించాలి, చాలా లోహం పోతుంది. నీలం రంగు సురుళ్లు వస్తుంటే హుక్కుతో లాగేయడమే పని. ఫ్లాంజ్ ముందు ఫేసు మీద అర మిల్లీమీటరు ఉంచేశాను.

తిప్పి పట్టాక పని నెమ్మదించింది. ఫేసింగ్, సెంటర్ డ్రిల్, 6, 10, 15 డ్రిల్లులు. డ్రిల్ ఎప్పుడూ తన దారి తాను చూసుకుంటుంది కాబట్టి మిగిలిన ఒక మిల్లీమీటరు బోరింగ్ బార్‌తోనే (రంధ్రం లోపలి గోడని కోసే టూల్) తీయాలి. 16 రీమర్ (రంధ్రాన్ని ఒకే సైజుకి నున్నగా తీసే టూల్) ఉంది కదా అనిపిస్తుంది. కానీ స్పిండిల్ 15.96, రీమర్ తీసేది 16కి కాస్త పైనే. ఆ తేడా పూడ్చడానికేగా ఈ శ్రమంతా.

బోరింగ్ బార్ 10 మి.మీ.ది. సన్నటి బార్ వంగి వెనక్కి జరుగుతుంది. కట్ ఇచ్చిన లోతు ఒకటి, తెగేది ఇంకొకటి. అందుకని 15.90 దాటాక ప్రతి కట్ తర్వాత డయల్ ముట్టుకోకుండా అదే లోతులో ఇంకోసారి పంపాను. ఖాళీగా పోవాల్సిన బార్ సన్నటి దుమ్ము లాంటి రజను తీసుకుంటూ పోతుంది. అది రావడం ఆగిందంటే ఆ సైజు నిలబడినట్టు. లోపలి కొస సన్నంగా, బయటి కొస వెడల్పుగా వచ్చే ప్రమాదం కూడా దీనితోనే తగ్గింది.

ఇంకొకటి, వేడి. కట్ అయిన వెంటనే గేజ్ దూరిందని సంబరపడకూడదు. జాబ్ చేతికి వేడిగా తగులుతుంటే గది వేడి కంటే 40 డిగ్రీలు ఎక్కువ ఉందనుకున్నా 16 మి.మీ. బోరు దాదాపు 8 మైక్రాన్లు (0.008 మి.మీ.) పెద్దదిగా ఉంటుంది. నేను వదిలిన 20 మైక్రాన్లలో అది చిన్న భాగం కాదు. లేత్ ఆపి, జాబ్ చల్లబడేదాకా మాండ్రిల్ పని చూసుకుని, మళ్లీ వచ్చి గేజ్ పెట్టాను. ఒక చుక్క పల్చటి నూనె రాసి బోరు ముందు నిలబెట్టి వదిలితే ముందు కొస తటపటాయించింది. వేలితో సున్నితంగా ఆనించగానే నూనె పొర మీద మెత్తగా జారుకుంటూ లోపలికి వెళ్లి, 15.99 మెట్టు దగ్గర ఖచ్చితంగా ఆగింది. బయటికి లాగి చూస్తే పిన్ను చుట్టూ నూనె సమంగా అంటుకుని ఉంది. ఒక పక్కే తుడుచుకుపోయి ఉంటే బోరు వంకర ఉన్నట్టు.

అదే సెట్టింగులో వెనక ఫేసు మీద చివరి సన్నటి కట్. తర్వాత బోరు మూతికి 1 మి.మీ. చాంఫర్, అంటే అంచుని ఏటవాలుగా చెక్కడం. ఈ చాంఫర్ అందానికి కాదు. స్పిండిల్ మీద షోల్డర్ మొదట్లో మూల పూర్తిగా పదునుగా ఉండదు, చిన్న రేడియస్ ఉంటుంది. చాంఫర్ లేకపోతే బుష్ ఆ రేడియస్ మీద ఎక్కి కూర్చుంటుంది, ఫేసు షోల్డర్‌కి ఆనదు, ఇంత కష్టపడి తెచ్చిన నిలువు గంగలో కలుస్తుంది.

మాండ్రిల్ గురించి కాస్త చెప్పాలి. రెండు సెంటర్ల మధ్య పట్టే 150 మి.మీ. రాడ్ ముక్క. మధ్య 80 మి.మీ. పొడవులో చిన్న కొస 15.97, పెద్ద కొస 16.01. అంటే 2000కి ఒకటి చొప్పున టేపర్, కంటికి అస్సలు కనిపించదు. టెయిల్‌స్టాక్‌ని (రాడ్ రెండో కొసని ఆనించే లేత్ భాగం) వెంట్రుకవాసి పక్కకి జరిపి, డయల్ గేజ్ చూసుకుంటూ తిప్పి, సన్నటి ఎమెరీతో పూర్తిచేశాను. బుష్‌ని దాని మీదకి తోసి చెక్క సుత్తితో రెండు దెబ్బలు వేస్తే పట్టుకుంటుంది. కీ లేదు, నట్ లేదు, రాపిడి పట్టే. అందుకే పెద్ద కొసని హెడ్‌స్టాక్ (జాబ్‌ని తిప్పే లేత్ భాగం) వైపు పెట్టుకోవాలి. టూల్ ఆ వైపుకే తోస్తుంది కాబట్టి కట్ పడేకొద్దీ జాబ్ ఇంకా బిగుస్తుంది. తిరగేసి పెడితే కట్ మధ్యలో జాబ్ ఊడి జారుతుంది.

సెంటర్ల మధ్య పట్టి మొదట వెనక ఫేసు మీదే గేజ్ పెట్టి చూశాను. ముల్లు కదిలీ కదలనట్టు ఉంది. ఇక నమ్మకంగా మెట్టుని 33 నుంచి 31.68కి, 0.2 చొప్పున చిన్న కట్లతో దించాను. ముందు ఫేసులో బయటి 12 మి.మీ. వలయం మాత్రం ఉంచి, లోపలి భాగాన్ని 1 మి.మీ. లోతుకి తీసేశాను. ఫ్లాంజ్ వీల్‌ని అంచు దగ్గర వలయంలా పట్టాలి గాని బోరు చుట్టూ నొక్కకూడదు. మెట్టు మొదట్లో మూల సమస్య కూడా ఆ గుంటతో తీరిపోయింది.

బయటి ఫ్లాంజ్‌కి ఇంత శ్రమ లేదు. అదే 75 వ్యాసం, అదే వలయం, బోరు 16.2. అది కాస్త లూజుగా ఉంటేనే వీల్ ఫేసుకి తగ్గట్టు సర్దుకుంటుంది.

బిగించే ముందు వీల్‌ని మోగించి చూడాలి. వేలికి తగిలించి వేలాడదీసి, స్క్రూడ్రైవర్ చెక్క పిడితో నిలువు గీతకి అటూ ఇటూ 45 డిగ్రీల దగ్గర తట్టితే ఖంగుమని మోగాలి. బద్దగా పలికితే పగులున్నట్టే, ఆ వీల్ వాడకూడదు. వీల్ మీద రాసిన గరిష్ట వేగం కూడా చూసుకోవాలి. 200 మి.మీ. వీల్ 2850 ఆర్పీఎం దగ్గర అంచున సెకనుకి దాదాపు 30 మీటర్ల వేగంతో పోతుంది. సెకనుకి 35 మీటర్ల వీల్ అయితే సరిపోతుంది. రెండు పక్కలా అట్ట బ్లాటర్లు పెట్టి, నట్‌ని మామూలు స్పానర్‌తో వీల్ జారకుండా ఉండేంత వరకే బిగించాను. పైపు తగిలించి బిగించాల్సిన నట్ కాదు ఇది.

కవర్ వేసి, పక్కకి నిలబడి, ఒక నిమిషం పైనే ఖాళీగా తిప్పాను. బోరులో వదిలిన ఖాళీ వల్ల వీల్ 0.06 దాకా పక్కకి ఉండొచ్చు, దాన్ని డైమండ్ డ్రెస్సర్‌తో సన్నగా రెండు మూడు సార్లు పోనిచ్చి తీసేశాను. ఆపి ఫ్లాంజ్ అంచు మీద గేజ్ పెడితే 0.02. రేకు ఫ్లాంజ్‌తో 0.35 ఉన్న చోటే. వీల్ పక్క ఫేసు ఇంకా కొంచెం ఆడుతోంది, అది వీల్ తయారీలోనే ఉన్నది, బుష్‌తో పోదు. స్విచ్ ఆపాక వేగం దిగేటప్పుడు ఒక దగ్గర స్టాండు ఇప్పటికీ క్షణం పాటు ఝుమ్మంటుంది. స్టాండు సహజంగా ఊగే వేగం అక్కడ తగులుతోంది. కింద బరువు పెడితే మారుతుందేమో చూడాలి.

వీల్ విప్పి మళ్లీ పెట్టినా ఇప్పుడు డ్రెస్సర్ దాదాపు ఊరికే తగులుతుంది. ఎడమ వైపు స్పిండిల్‌కీ ఇదే సైజులో రెండో బుష్ చేశాను. గేజ్, మాండ్రిల్ సిద్ధంగా ఉన్నాయి కాబట్టి త్వరగా అయింది. అక్కడ నట్ ఎడమ థ్రెడ్‌ది, బుష్‌కి దానితో సంబంధం లేదు. ఒక్క పని మాత్రం అదనంగా పడింది. కొత్త ఫ్లాంజ్ పాత రేకు కంటే మందం కాబట్టి వీల్ 3 మి.మీ. బయటికి జరిగింది. టూల్ రెస్ట్‌కీ వీల్‌కీ మధ్య సందు 3 మి.మీ. దాటకుండా ఉంచుతూనే రెస్ట్‌ని పక్కకి జరపాలి కదా, రెండు పక్కలా బోల్టు గాడిని ఆకురాయితో అంత మేర పొడిగించుకున్నాను.